క్రెడిట్ కార్డు దరఖాస్తు తిరస్కరణ: సరిహద్దు జిల్లాల్లో ఎంతకాలం ఆగాలి, ఎందుకు ఆగాలి?

క్రెడిట్ కార్డుకు దరఖాస్తు పెట్టిన కొద్ది రోజులకు ఫోనుకు ఒక సందేశం వస్తుంది. అంతర్గత విధానాల ప్రకారం మీ దరఖాస్తును ఆమోదించలేకపోతున్నామని, కొంతకాలం తర్వాత మళ్లీ ప్రయత్నించవచ్చని అందులో ఉంటుంది. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న రాయగడలో బట్టల దుకాణం నడిపే వ్యాపారికైనా, పర్లాకిమిడిలో ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయురాలికైనా, గుణుపురంలో కళాశాల ఉద్యోగికైనా అందే వాక్యం ఇదే. కారణం మాత్రం ఉండదు. ఆ తర్వాత తెలిసినవారు ఇచ్చే సలహా కూడా అందరికీ ఒకటే: ఆరు నెలలు ఆగి మళ్లీ పెట్టండి.

ఈ ఆరు నెలల మాట జనంలో ఎంతగా పాతుకుపోయిందంటే, చాలామంది దాన్ని రిజర్వు బ్యాంకు నిబంధన అనుకుంటున్నారు. రిజర్వు బ్యాంకు అలాంటి గడువేదీ పెట్టలేదు. ఒక్కో బ్యాంకు తన విధానంలో మూడు నెలలనో ఆరు నెలలనో రాసుకుంటుంది. ఆ లోపు అదే మనిషి మళ్లీ అడిగితే దరఖాస్తు బ్యాంకు ఉద్యోగి చేతిదాకా వెళ్లకుండానే వెనక్కి వస్తుంది. అంటే ఆ గడువు బ్యాంకు తన పని తగ్గించుకోవడానికి పెట్టుకున్నది. దరఖాస్తులో ఉన్న లోపం ఆ ఆరు నెలల్లో దానంతట అది సరికాదు. పేరు తప్పు పడటం వల్ల కార్డు రానివారు ఆరేళ్లు ఆగినా అదే జవాబు వింటారు. చిరునామా ఒక్కటే అడ్డమైనవారు దాన్ని సరిచేసుకుంటే, బ్యాంకు గడువు తీరిన మర్నాడే కార్డు తెచ్చుకోవచ్చు. పాత బకాయిని రాజీపడి ముగించినవారికి ఆరు నెలలు ఏ మూలకూ చాలవు.

కాబట్టి ఎంతకాలం ఆగాలో తేలాలంటే ముందు ఎందుకు కాదన్నారో తెలియాలి. ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని తెలుగువారి విషయంలో ఆ కారణం చాలాసార్లు అప్పు తీర్చే శక్తిలో కాకుండా కాగితాల్లో ఉంటుంది. ఇది గట్టిగా చెప్పాల్సిన సంగతి. తిరస్కరణ సందేశం చూసి, బ్యాంకు తనను నమ్మదగని మనిషిగా లెక్కగట్టిందని కుంగిపోయి, ఇంట్లో కూడా చెప్పుకోలేక ఊరుకున్నవారు ఈ ఊళ్లలో తక్కువేమీ కాదు.

కారణం చెప్పడం బ్యాంకు దయ కాదు

క్రెడిట్, డెబిట్ కార్డుల జారీపై రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 21న ఇచ్చిన ఆదేశాలు ఆ ఏడాది జులై 1 నుంచి అమలులోకి వచ్చాయి. క్రెడిట్ కార్డు దరఖాస్తును తిరస్కరిస్తే, అందుకు దారితీసిన నిర్దిష్ట కారణాలను దరఖాస్తుదారుకు రాతపూర్వకంగా తెలియజేయాలని వాటిలో ఉంది. 'అంతర్గత విధానం' అన్న రెండు మాటలను ఏ న్యాయమైన మనిషీ నిర్దిష్ట కారణం అనడు. ఆదాయం చాలలేదా, చిరునామా ధ్రువపడలేదా, ఆ ప్రాంతంలో ఆ బ్యాంకు కార్డులు ఇవ్వడం లేదా, పాత రుణంలో ఆలస్యం కనిపించిందా అన్నది చెప్పాలి. అడగనివారికి బ్యాంకులు ఆ రెండు మాటలతోనే సరిపెడుతున్నాయి. అడిగినవారికి చాలాసార్లు అసలు సంగతి చెప్పక తప్పడం లేదు.

అడగడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. బ్యాంకు వెబ్‌సైటులో ఫిర్యాదుల అధికారి ఈమెయిలు ఉంటుంది. దరఖాస్తు సంఖ్య, తేదీ, తిరస్కరణ సందేశం వచ్చిన రోజు రాసి, రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం నిర్దిష్ట కారణం తెలపాలని రెండు వాక్యాలు రాస్తే చాలు. ఎవరు ఏ అప్పు తీసుకున్నారో, ఎలా తీర్చారో నమోదు చేసి ఉంచే క్రెడిట్ సమాచార సంస్థల్లో దేని నివేదికను చూశారో కూడా అందులోనే అడగడం మంచిది. దేశంలో అలాంటి సంస్థలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఒకే మనిషి గురించి ఈ నాలుగింటిలో ఒకే రకమైన సమాచారం ఉంటుందన్న భరోసా లేదు. అప్పు తీర్చిన తీరుకు సిబిల్ ఇచ్చే స్కోరు బాగానే ఉందని నిశ్చింతగా ఉన్న మనిషి దరఖాస్తును, మరో సంస్థ నివేదికలో మిగిలిపోయిన పాత ఫోను వాయిదా ఒకటి పడగొట్టవచ్చు.

2017 జనవరి నుంచి ఈ నాలుగు సంస్థలూ ఏటా ఒకసారి పూర్తి నివేదికను ఎవరికి వారికి ఉచితంగా ఇవ్వాల్సి ఉంది. తన నివేదికను తాను చూసుకుంటే స్కోరు తగ్గుతుందన్న భయం ఒకటి జనంలో ఉంది. అందులో నిజం లేదు. స్కోరుకు కొద్దిగా నష్టం చేసేది రుణం కోసమో కార్డు కోసమో బ్యాంకు వేసే విచారణ, అంటే బ్యాంకు ఆ నివేదికను తెప్పించుకుని చూడటం. అదీ ఒక్కటి పడితే పెద్ద సంగతి కాదు. ఒక బ్యాంకు కాదనగానే రోషంతో అదే వారంలో మరో నాలుగింటికి పెట్టడం అసలు ప్రమాదం. అయిదో బ్యాంకు అధికారి ముందు నివేదిక తెరుచుకున్నప్పుడు, చివరి పేజీల్లో వారం రోజుల్లో నాలుగు విచారణలు, వాటి వెనక ఒక్క కార్డూ లేకపోవడం కనిపిస్తుంది. డబ్బుకు కటకటలాడుతున్న మనిషి అని ఆయన అనుకుంటే తప్పు పట్టలేం. ఆరు నెలలు ఆగమన్న సలహాకు కాస్తో కూస్తో అర్థం ఉన్నది ఈ ఒక్క సందర్భంలోనే. కొత్త విచారణలు పడకుండా కొన్ని నెలలు గడిస్తే పాతవాటి బరువు తగ్గుతూ పోతుంది.

రైల్వే స్టేషన్లలోనూ పెట్రోలు బంకుల దగ్గరా బల్ల వేసుకుని కూర్చునే ఏజెంట్లతో ఈ విషయంలో జాగ్రత్త అవసరం. ఆధార్, పాన్ నకళ్లు ఒకసారి చేతికిస్తే, ఏది వస్తే అది వస్తుందని రెండు మూడు బ్యాంకులకు దరఖాస్తులు పంపేవారు వాళ్లలో ఉన్నారు. అలాగే 'మీకు కార్డు ముందే ఆమోదమైంది' అని ఫోనుకు వచ్చే సందేశం మంజూరు పత్రం కాదు. అది ప్రచారం. దాన్ని నమ్మి దరఖాస్తు పెట్టి తిరస్కరణ పొందినవారు బ్యాంకు మాట తప్పిందని బాధపడుతుంటారు. బాధ న్యాయమైనదే, కానీ ఆ మాట మొదటి నుంచీ మాట కాదు.

గట్టుకు ఇటు ఒక పేరు, అటు ఒక పేరు

పర్లాకిమిడి, పాతపట్నం పక్కపక్క ఊళ్లు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు మిగిలింది. బంధుత్వాలు, వ్యాపారాలు, పొలాలు మాత్రం గీత చూసుకుని విడిపోలేదు. ఇల్లు ఒక రాష్ట్రంలో, దుకాణం మరో రాష్ట్రంలో ఉన్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక ఊరి పిన్ కోడ్ 76తో మొదలైతే రెండో ఊరిది 53తో మొదలవుతుంది. ఈ ఊళ్ల మనిషికి అది అయిదు నిమిషాల దారి. ముంబయిలోనో చెన్నైలోనో ఉన్న బ్యాంకు కంప్యూటరుకు మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు.

ఒక సాధారణమైన పరిస్థితి తీసుకుందాం. సొంతూరు శ్రీకాకుళం జిల్లాలో, ఆధార్ ఆ చిరునామాతో. ఉద్యోగం రాయగడలో, అద్దె ఇల్లు అక్కడే. జీతం ఖాతా రాయగడ శాఖలో. పాన్ కార్డు విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో తీసుకున్నది. దరఖాస్తులో ప్రస్తుత చిరునామా రాయగడ అని రాస్తే ఆధార్‌తో కలవదు. ఆధార్ చిరునామా రాస్తే పనిచేసే ఊరితో కలవదు, కార్డు కూడా సొంతూరికి పోతుంది. అద్దె ఇంటి కరెంటు బిల్లు యజమాని పేరున ఉంటుంది. ఈ చిక్కుముడిలో దరఖాస్తుదారు తప్పు ఒక్కటీ లేదు.

దీనికి దారి ఉంది. ఆధార్‌తో గుర్తింపు ఇచ్చిన ఖాతాదారు, ప్రస్తుత చిరునామా వేరైతే, ఆ సంగతిని స్వీయ ధ్రువీకరణగా రాసి ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు ఖాతాదారుల గుర్తింపు నిబంధనలు చెబుతున్నాయి. కరెంటు, నీటి, పోస్టుపెయిడ్ ఫోను బిల్లులాంటివి చిరునామా రుజువుగా ఇవ్వాలంటే అవి రెండు నెలలలోపువై ఉండాలి. చేతిలో పోస్టుపెయిడ్ ఫోను ఉన్నవారు దాని బిల్లును రాయగడ చిరునామాకు మార్చుకుంటే తన పేరున ఒక కాగితం పుడుతుంది. దరఖాస్తుకు ముందు బ్యాంకు ఖాతాలోనూ అదే చిరునామా నమోదు చేయించుకోవాలి. చాలామంది కొత్త చిరునామాను దరఖాస్తులో మాత్రమే రాసి, ఖాతాలో పాతది వదిలేస్తారు. తిరస్కరణకు అదొక్కటే చాలు.

చిరునామా కన్నా పేరు ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. వెంకటరావు అనే పేరునే తీసుకుంటే, ఒడియా మాట్లాడే నమోదు కేంద్రం ఉద్యోగి చేతిలో అది ఆధార్‌లో బెంకటరావుగా పడటం ఈ జిల్లాల్లో కొత్త కాదు. ఒడియాలో వకారం స్థానంలో బకారమే వాడుక కనుక ఆ ఉద్యోగి తాను విన్నట్టే రాశాడు. పాన్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉండి తర్వాత పేరు ఉంటుంది. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరుకు ఒక అక్షరం, వెంకటకు ఒక అక్షరం పెట్టి చివర రావు అని ఉంటుంది. రావు అన్నదాన్ని ఇంటిపేరుగా పెట్టిన పత్రం మరొకటి. మహారాష్ట్ర సరిహద్దులో బల్లార్పూర్, సిరొంచ, ధర్మాబాద్ వైపు ఉన్న తెలుగువారికి చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. అక్కడి పద్ధతిలో తన పేరు, తండ్రి పేరు, ఆ తర్వాత ఇంటిపేరు రాస్తారు. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందొస్తుంది. పాఠశాల పత్రంలో ఒక వరస, పాన్‌లో మరో వరస పడ్డాక, తండ్రి పేరే కొడుకు పేరుగా నమోదైన రుణ ఖాతాలు కూడా తేలుతుంటాయి.

పుట్టిన తేదీ సంగతి కూడా ఇంతే. ఆధార్ తీసుకున్నప్పుడు వయసు మాత్రమే చెప్పినవారికి ఆ సంవత్సరం జనవరి 1 తేదీగా పడింది. పాన్‌లో మాత్రం పదో తరగతి పత్రంలోని తేదీ ఉంటుంది.

క్రెడిట్ సమాచార సంస్థలు ఒక మనిషి రుణాలన్నింటినీ ఒకచోటికి చేర్చేటప్పుడు పాన్, పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు, చిరునామా చూస్తాయి. పాన్ ఇవ్వకుండా తీసుకున్న పాత బంగారు రుణంలోనో, ద్విచక్ర వాహన రుణంలోనో పేరు వేరుగా ఉంటే, ఆ రుణం వేరే మనిషి పేరు కింద పడి ఉంటుంది. అయిదేళ్లు క్రమం తప్పకుండా కట్టిన మంచి చరిత్ర ఎవరికీ కాకుండా పోతుంది. దీనికి తలకిందులుగా, అదే పేరు, అదే ఊరు ఉన్న ఇంకొకరి బకాయి వచ్చి తన నివేదికలో కూర్చోవచ్చు. ఒకే ఇంటిపేరు, ఒకే దేవుడి పేరు వీధికి ముగ్గురికి ఉండే మన ఊళ్లలో ఇది ఊహ కాదు.

ఈ పరిస్థితిలో ముందు సరిచేయాల్సింది మూల పత్రాలను. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు. కనుక తొందరపడి నమోదు కేంద్రానికి పరుగెత్తకుండా, పాన్‌లో ఏముందో, పదో తరగతి పత్రంలో ఏముందో ముందు ఎదురుగా పెట్టుకుని, మూడింటికీ సరిపోయే ఒక్క రూపం తేల్చుకోవాలి. ఆ తర్వాతే ఆధార్, దాని వెంట పాన్, దాని వెంట బ్యాంకు ఖాతా. ఈ పనికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. ఆ నెలలు వృథా కావు.

ఇక ఇంటికి వచ్చి చూసే ధ్రువీకరణ. కొన్ని బ్యాంకులు ఒప్పంద ఉద్యోగులను పంపి, ఆ మనిషి అక్కడ ఉంటున్నాడా లేదా అని విచారిస్తాయి. ఈ ఊళ్లలో చాలా ఇళ్లకు తలుపు నంబరు ఉండదు, ఉన్నా ఎవరికీ గుర్తుండదు. రామాలయం వెనక, తెలుగు మాస్టారి ఇల్లు అంటే పిల్లలు కూడా తీసుకెళ్తారు. వచ్చిన ఉద్యోగి చేతిలో కాగితం మీద ఉన్న పూర్తి పేరు చదివి పక్కింట్లో అడిగితే వాళ్లు తెలియదంటారు. వీధి మొత్తం ఆ మనిషిని బాబూరావు అనో చిన్నబాబు అనో పిలుస్తుంది. ఫోను చేస్తే ఆయన దుకాణంలో ఉంటాడు, కొత్త నంబరని ఎత్తడు. రెండోసారి ఎవరూ రారు. 'చిరునామా ధ్రువపడలేదు' అని నమోదవుతుంది. దరఖాస్తులో చిరునామా పక్కన అందరికీ తెలిసిన ఆనవాలు రాయడం, ఆ వారం రోజులు తెలియని నంబర్లను కూడా ఎత్తడం, ఎవరైనా వస్తారని ఇంటి పక్కవారికి చెప్పి ఉంచడం చిన్న పనులే. బ్యాంకుకు మనిషి దొరకడం, దొరక్కపోవడం వీటి మీదే ఆధారపడుతుంది.

అప్పే లేనివారి కష్టం

బరంపురంలో పట్టు నేసే తెలుగు కుటుంబంలోనో, రాయగడ బజారులో కిరాణా దుకాణంలోనో జీవితంలో ఎవరికీ బాకీ పడని మనిషికి కార్డు రాకపోతే ఆయనకు అసలు అర్థం కాదు. అప్పు చేయకపోవడం మన ఇళ్లలో గౌరవం. కాని స్కోరు అనేది అప్పు తీసుకుని తీర్చినవారి రికార్డు నుంచి పుట్టే సంఖ్య. 300 నుంచి 900 వరకు ఉండే ఆ సంఖ్య లెక్కకట్టడానికి కనీసం కొన్ని నెలల రుణ చరిత్ర కావాలి. అది లేకపోతే నివేదికలో స్కోరు స్థానంలో చరిత్ర లేదన్న గుర్తు పడుతుంది. చరిత్ర లేకపోవడం చెడ్డ చరిత్ర కాదు. మొదటిసారి రుణం అడిగేవారిని కేవలం చరిత్ర లేదన్న కారణంతో తిప్పి పంపరాదని రిజర్వు బ్యాంకు 2025 జనవరి 6 నాటి ఆదేశాల్లో రుణసంస్థలకు సూచించింది. అయినా కార్డు అనేది ఏ తాకట్టూ లేని అప్పు కనుక, కొత్తవారి విషయంలో బ్యాంకులు ఇప్పటికీ వెనకాడుతున్నాయి.

ఇలాంటివారు ఊరికే ఆగితే ప్రయోజనం సున్న. ఆరు నెలల తర్వాత కూడా చరిత్ర ఉండదు కదా. వీరికి తగిన మార్గం ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు. డిపాజిట్‌లో ఎక్కువ భాగం మేరకు ఖర్చు పరిమితి ఇస్తారు, డిపాజిట్ మీద వడ్డీ మామూలుగా వస్తూనే ఉంటుంది, ఆదాయ పత్రాల పట్టింపు తక్కువ. పరిమితిలో మూడో వంతు మించకుండా వాడుతూ, గడువులోపు మొత్తం బిల్లు కడుతూ పోతే ఆరు నెలలకు నివేదికలో ఒక స్కోరు నిలబడుతుంది. బిల్లులో 'కనీస మొత్తం' అని కనిపించే చిన్న అంకె దగ్గర జాగ్రత్త. అది కడితే ఆలస్యపు మచ్చ పడదు కాని మిగతా మొత్తంపై వడ్డీ పరుగెత్తుతుంది. చాలా కార్డులపై ఆ వడ్డీ నెలకు 3 శాతానికి మించి ఉంటుంది. స్కోరు కోసం మొదలుపెట్టిన కార్డు మీద అంత వడ్డీ కట్టడం అనవసరం.

వ్యాపారులకు రెండో అడ్డంకి ఆదాయం రుజువు. రోజుకు వేల రూపాయల బేరం జరిగే దుకాణమైనా, ఆదాయపు పన్ను రిటర్ను లేకపోతే బ్యాంకు దృష్టిలో ఆదాయం లేనట్టే. పన్ను కట్టాల్సినంత ఆదాయం లేకపోయినా రిటర్ను వేయవచ్చు. వరసగా రెండేళ్ల రిటర్నులు అడిగే బ్యాంకులు చాలా ఉన్నాయి. అందుకని ఈ ఏడాది వేయనివారికి వచ్చే ఏడాది కూడా అదే జవాబు వస్తుంది. నిజంగా కాలం గడవాల్సిన సందర్భాల్లో ఇది ఒకటి, ఆ కాలం లెక్క రిటర్నుల సంఖ్యలో ఉంటుంది.

కాలమే తీర్చే లోపాలు

కాగితాల తప్పులన్నీ పక్కన పెడితే, నిజమైన ఆలస్యాలూ బకాయిలూ ఉన్నవారూ ఉంటారు. వారి విషయంలో తీపి మాటలు చెప్పడం అన్యాయం. నివేదికలో ప్రతి రుణానికీ నెలల వారీగా గడులు ఉంటాయి, గత 36 నెలల వరకు. గడిలో మూడు సున్నాలుంటే ఆ నెల సకాలంలో కట్టినట్టు. 030 అని ఉంటే 30 రోజుల ఆలస్యం. 090 దాటితే బ్యాంకు దాన్ని మొండి బాకీగా చూడటం మొదలుపెడుతుంది. దుకాణంలో ఫోను వాయిదాల మీద కొన్నప్పుడు ప్రతినెలా ఖాతా నుంచి తీసుకునే 1,500 రూపాయలు, ఆ రోజు ఖాతాలో సొమ్ము లేక వెనక్కి పోతే, ఇలాంటి గడి ఒకటి మారుతుంది. ఫోను పాతబడి పారేసిన తర్వాత కూడా ఆ గడి అక్కడే ఉంటుంది. జీతం ఏడో తేదీన పడే ఖాతాకు అయిదో తేదీ వాయిదా పెట్టుకోవడం వల్ల మచ్చ తెచ్చుకున్నవారున్నారు. వాయిదా తేదీ మార్చమని అప్పు ఇచ్చిన సంస్థను అడగవచ్చు.

మహిళా బృందాల ద్వారా తీసుకునే సూక్ష్మ రుణాలు కూడా ఈ నివేదికల్లోకి వస్తాయి. ఇవి చిన్న మొత్తాలే అయినా, 2022 మార్చి 14 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం, ఏడాదికి 3 లక్షల రూపాయల వరకు ఆదాయం ఉన్న కుటుంబానికి ఇచ్చే ఈ రుణాల లెక్కలో ఆ కుటుంబపు అన్ని అప్పుల నెలసరి చెల్లింపూ నెల ఆదాయంలో సగం దాటకూడదు. భార్య పేరున మూడు సంస్థల్లో వాయిదాలు నడుస్తుండగా ఆమె పేరునే కార్డు అడిగితే, స్కోరు బాగున్నా బ్యాంకు ఒప్పుకోదు. అక్కడ ఆగాల్సింది ఒక రుణం తీరేదాకా. అది ఎప్పుడు తీరుతుందో ఆమె చేతిలోని వాయిదాల పుస్తకమే చెబుతుంది.

జామీను సంతకం ఇంకో గుంట. మేనమామ కొడుకు ట్రాక్టరు రుణానికి మొహమాటం కొద్దీ పెట్టిన సంతకం తన నివేదికలో హామీదారు ఖాతాగా కనిపిస్తుంది. అతను కట్టకపోతే ఆ మచ్చ ఇద్దరికీ అంటుతుంది. బంధువును అడగడానికి సిగ్గుపడి ఊరుకున్నకొద్దీ గడులు నిండుతూ పోతాయి.

అన్నిటికన్నా ఎక్కువకాలం పట్టేది సెటిల్‌మెంట్. లక్ష బాకీకి అరవై వేలు కట్టి ముగించుకోమని వసూలు ఏజెంటు చెప్పినప్పుడు అది లాభంగా కనిపిస్తుంది. నివేదికలో ఆ ఖాతా 'ముగిసింది' అని కాకుండా 'రాజీపడింది' అని పడుతుంది. దాన్ని చూసిన బ్యాంకులు ఏళ్ల తరబడి తలుపు తీయవు. శక్తి ఉంటే మిగిలిన సొమ్ము కూడా కట్టి, బాకీ లేదన్న పత్రం తీసుకుని, ఆ స్థితిని నివేదికలో మార్పించుకోవడం మేలు. శక్తి లేకపోతే సెటిల్‌మెంటే దిక్కు. అప్పుడు మాత్రం కార్డు ఆశను కొన్నేళ్లు పక్కన పెట్టక తప్పదు.

దరఖాస్తుదారుకు సంబంధం లేని కారణం కూడా ఒకటుంది. 2023 నవంబరు 16న రిజర్వు బ్యాంకు, క్రెడిట్ కార్డు బాకీలపై బ్యాంకులు చూపాల్సిన రిస్కు భారాన్ని 125 శాతం నుంచి 150 శాతానికి పెంచింది. తాకట్టు లేని అప్పుకు బ్యాంకు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడు, కొత్తవారికి ఇచ్చే కార్డులకు కత్తెర పడుతుంది. చిన్న పట్టణాల పిన్ కోడ్‌లను ఏకంగా పక్కన పెట్టే బ్యాంకులూ ఉన్నాయి. అలాంటి బ్యాంకు తలుపు ఎన్ని నెలల తర్వాత తట్టినా ఫలితం మారదు. ఆ ఊళ్లో శాఖ ఉన్న, జీతమో వ్యాపారపు సొమ్మో నడిచే బ్యాంకునే అడగాలి. పట్టణం చిన్నదన్న కారణంతో మనుషులను పక్కన పెట్టడం సరైన పద్ధతి కాదు. కనీసం ఆ మాటను దరఖాస్తు తీసుకోకముందే చెబితే ఒక విచారణ మచ్చ అయినా తప్పుతుంది.

నివేదికలో తప్పు దొరికినప్పుడు

తప్పు ఏదైనా, సవరణ కోరుతూ ఆ క్రెడిట్ సమాచార సంస్థ వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. సవరించిన సమాచారం పంపడానికి బ్యాంకుకు 21 రోజులు, మొత్తం పరిష్కారానికి 30 రోజులు గడువు. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. నివేదికను ఎవరైనా బ్యాంకు చూసినప్పుడు ఫోనుకో ఈమెయిలుకో సమాచారం ఇవ్వాలన్నది కూడా అప్పటి నుంచే అమల్లో ఉంది. ఇటు ఆంధ్ర నంబరు ఒకటి, అటు ఒడిశా నంబరు ఒకటి వాడి, పాతదాన్ని వదిలేసినవారికి ఆ సమాచారం ఎప్పటికీ చేరదు. కనుక బ్యాంకులన్నింటిలో ప్రస్తుత నంబరు ఇచ్చి ఉంచాలి.

30 రోజులు గడిచినా జవాబు లేకపోతే, లేదా వచ్చిన జవాబు న్యాయంగా లేకపోతే బ్యాంకుల మీద వచ్చే ఫిర్యాదులను విని తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 2021 నవంబరు 12న మొదలైన సమీకృత అంబుడ్స్‌మన్ పథకం కిందికి 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ సమాచార సంస్థలు కూడా వచ్చాయి. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. కార్డు ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం, దాన్ని అంబుడ్స్‌మన్ తిరగరాయరు. కారణం చెప్పకపోవడం, తప్పు సమాచారాన్ని సవరించకపోవడం మాత్రం సేవాలోపాలు, వాటిపై ఫిర్యాదు నిలుస్తుంది. ఫిర్యాదు రాసేటప్పుడు 'నాకు కార్డు ఇప్పించండి' అని రాసినవారి దరఖాస్తులు అక్కడే ఆగిపోతాయి. 14448 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో, ఒడియాలో, మరాఠీలో కూడా మాట్లాడే ఏర్పాటు ఉంది. ఇంగ్లీషు రాదని సందేహించే పెద్దలకు ఈ నంబరు గురించి చెప్పాలి.

2025 జనవరి నుంచి బ్యాంకులు తమ ఖాతాల సమాచారాన్ని నెలకు ఒకసారి కాకుండా కనీసం పక్షం రోజులకు ఒకసారి క్రెడిట్ సమాచార సంస్థలకు పంపాల్సి ఉంది. ఈ నెల మొదట్లో తీర్చిన బాకీ ఆ నెలాఖరుకో, మరో రెండు వారాలకో నివేదికలో కనిపించాలి. కనుక రెండో దరఖాస్తు తేదీని క్యాలెండరులో ఆరు నెలలు లెక్కపెట్టి గుర్తు పెట్టుకోనక్కర్లేదు. బ్యాంకు చెప్పిన కారణం ఒక చేతిలో, కొత్తగా తీసిన నివేదిక మరో చేతిలో పెట్టుకుని, ఆ కారణం ఈ నివేదికలో ఇంకా ఉందా అని చూడాలి. ఉంటే ఆగాలి, లేకపోతే బ్యాంకు గడువు ఎప్పటితో ముగుస్తుందో శాఖలో అడిగి తెలుసుకుని అప్పుడు పెట్టాలి. పెట్టేది కూడా ఆన్‌లైనులో కాకుండా ఖాతా ఉన్న శాఖకు వెళ్లి, పాత తిరస్కరణ జవాబును, సవరణ జరిగినట్టు వచ్చిన సందేశాన్ని జతచేసి ఇస్తే మంచిది. శాఖ సిబ్బందికి ఆ వీధి తెలుసు, రామాలయం తెలుసు, దుకాణంలో కూర్చునే మనిషీ తెలుసు.